రాళ్ళు పైన పెడితే అదిరే దూలం: కాజీపేట గిర్నిలో ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివర

కాజీపేటలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న పిండి గిర్ని ఇది. ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి దిగితే చాలు, ఇక్కడ కారం పట్టించుకునేవాళ్ళు బారులు తీరుతారు. ఘాటు బయటికి పోవడానికి ఒక బ్లోయర్ పెట్టారు. గోడ నుంచి గోడకు 2.4 మీటర్ల పొడవున దూలంలా రెండు 100 మి.మీ. ఇనుప ఛానళ్ళు, వాటి మధ్యలో 2 హెచ్‌పీ మోటారు, మోటారు షాఫ్టుకే తగిలించిన ఫ్యాన్. బెల్టు లేదు. పక్కన మిగిలిన చోట పలకలు పరిచి అటకలా వాడుకుంటున్నారు.

"తమ్మీ, బేరింగులు కొత్తవే ఏయించిన. అయినా గట్లనే అదురుతాంది. ఒక్కోసారి మంచిగనే ఉంటది, ఒక్కోసారి గోడ పగులుతదా అనిపిస్తది" అన్నాడు గిర్ని అన్న.

బేరింగు పోతే రోజురోజుకూ ముదురుతుంది గానీ ఒక వారం బాగుపడి, మళ్ళీ వారం చెడిపోదు. కాబట్టి నేను అడిగింది ఒకటే: బాగున్న రోజుకూ, బాగోలేని రోజుకూ తేడా ఏమిటని. జవాబు వదిన దగ్గర దొరికింది. "రాళ్ళు గాట్లకు పోయినప్పుడు సప్పుడే ఉండది. తిరిగొచ్చి మీద పెట్టంగనే మొదలైతది."

గిర్నిలో ఒక జత రాళ్ళు తిరుగుతుంటే, ఇంకో జత గాట్లు పెట్టించుకొని వచ్చి ఆ అటక మీద, బ్లోయర్‌కు ఆనుకొని కూర్చుంటుంది. జత బరువు 43 కిలోలు. అన్నకు ఇది నమ్మబుద్ధి కాలేదు. "బరువు పెడితే అదురు తగ్గాలె గని, పెరుగుడేంది?"

ప్రశ్న న్యాయమైనదే. మామూలుగా బరువైన దాన్ని కదిలించడం కష్టం. కానీ ప్రతి దూలానికీ ఒక సహజ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఒకసారి తట్టి వదిలేస్తే సెకనుకు అన్నిసార్లు ఊగుతుంది. మీద బరువు పెరిగేకొద్దీ ఆ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. మోటారు తిరిగే వేగం మాత్రం మారదు. తగ్గుతూ వచ్చి అది సరిగ్గా మోటారు వేగం దగ్గర ఆగిందంటే అనునాదం: చిన్న ఊపు కూడా పెరిగి పెద్దదవుతుంది. నా అనుమానం అదే. అయితే అనుమానం మీద ఎవరి గోడకూ బోల్టులు బిగించకూడదు, ముందు కొలవాలి.

మార్చి మొదట్లో, మా షెడ్డులో

గిర్ని నడుస్తుండగా ప్రయోగాలు చేయలేం కాబట్టి పద్ధతిని ముందు బల్ల మీద సరిచూసుకున్నా. 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఇనుప పట్టీ. ఒక కొస బైసులో బిగించి, 500 మి.మీ. బయటికి వదిలాను. పట్టీ బరువు 294 గ్రాములు. పుస్తకం లెక్క ప్రకారం దీని మొదటి సహజ ఫ్రీక్వెన్సీ 9.8 హెర్ట్జ్, అంటే సెకనుకు 9.8 ఊపులు.

దీనికి ఫోన్ కట్టి కొలవొద్దు. 190 గ్రాముల ఫోనును 294 గ్రాముల పట్టీ కొసన కడితే ఫ్రీక్వెన్సీ దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు మనం కొలిచేది పట్టీని కాదు, ఫోనును మోస్తున్న పట్టీని. అందుకని కదలికను కొలిచే ఏడీఎక్స్‌ఎల్ 345 సెన్సర్ బోర్డు వాడాను. కొద్ది గ్రాములే. సన్నటి తీగలతో ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు కలిపి, పట్టీ కొసను వేలితో మీటి వదిలి, రీడింగులు కంప్యూటర్లో ఎక్కించుకున్నాను.

కొసన తూకం బాట్లు ఒక్కొక్కటే బిగిస్తూ పోతే వచ్చినవి ఇవి. ఏ బరువూ లేనప్పుడు 9.2 హెర్ట్జ్. 100 గ్రాములకు 6.0, 200కు 4.8, 300కు 4.1, 500కు 3.3. మొదటి 100 గ్రాములే 3 హెర్ట్జ్ దాకా లాగేశాయి, 300 నుంచి 500కు పోయినా ఒక హెర్ట్జ్ కూడా తగ్గలేదు.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు గ్రాఫులో వేస్తే వంపు గీత వస్తుంది, దాన్నుంచి ఏమీ తేలదు. ఫ్రీక్వెన్సీని వర్గం చేసి, 1ని దానితో భాగించి, ఆ విలువను బరువుకు ఎదురుగా పెడితే సరళరేఖ వస్తుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఆ గీతే. దాని వాలు నుంచి పట్టీ బిగుతు, అంటే అది వంగడానికి ఎంత బలం కావాలో, తెలుస్తుంది: నాకు మీటరుకు 250 న్యూటన్లు వచ్చింది. గీతను వెనక్కి పొడిగిస్తే సున్నా గీతను తాకే చోటు, పట్టీ సొంత బరువులో ఊగడంలో పాల్గొనే భాగం ఎంతో చెబుతుంది: 74 గ్రాములు. ఒక కొస బిగించిన పట్టీకి ఈ భాగం దాదాపు నాలుగో వంతు ఉండాలి. అది 72 గ్రాములు, సెన్సర్‌తో కలిపితే సరిగ్గా సరిపోయింది.

లెక్కలో బిగుతు 270 రావాలి, వచ్చింది 250. ఇది నిజమా, కొలతలో తేడానా? ఊపకుండానే ఇంకో దారిలో చూశాను. కొసన 500 గ్రాములు వేలాడదీసి ఎంత దిగిందో స్కేలుతో కొలిస్తే 20 మి.మీ.కు కాస్త తక్కువ. భాగిస్తే మళ్ళీ 250. రెండు వేర్వేరు దారులు ఒకే అంకెకు వచ్చాయంటే కొలతలో తేడా లేనట్టే. పుస్తకం బైసును కదలని కొండ అనుకుంటుంది, మన బైసు దవడలు కొంచెం లొంగుతాయి. గోడలో పాతిన ఛానళ్ళకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

డ్యాంపింగ్, అంటే ఊపు ఎంత త్వరగా చల్లారుతుందో, అది కూడా అదే రికార్డులో ఉంటుంది. ఊపు ఎత్తు సగం కావడానికి పట్టీకి 20 ఊపులు పట్టింది. 0.693ని 20తో, మళ్ళీ 6.28తో భాగిస్తే 0.0055. అంటే అర శాతం. ఉత్త ఇనుము తనంతట తాను ఊపును మింగదు.

హోలీ దాటాక, గిర్నిలో

ఇక్కడ ఫోన్ చాలు. 80 కిలోల వ్యవహారంలో ఫోన్ బరువు లెక్కలోకి రాదు. జర్మనీలోని ఆకెన్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫైఫాక్స్ యాప్ ఉచితం, అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కదలిక ఉందో చూపే గ్రాఫు, నేరుగా వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫోన్ సెకనుకు 100 రీడింగులే ఇస్తే 50 హెర్ట్జ్ పైన కనిపించేదేదీ నమ్మకూడదు. మనకు కావలసింది 20, 30 మధ్యలోనే కాబట్టి ఇబ్బంది లేదు. ఫోనును రెండు వైపులా అతికే టేపుతో ఛానల్ మీద గట్టిగా అంటించాలి. ఊరికే పెడితే ఫోనే ఎగురుతుంది, ఆ ఎగురుడే కనిపిస్తుంది.

మోటారు ఆపి, రబ్బరు సుత్తితో మధ్యలో ఒక్క దెబ్బ. రామగుండం వైపు నుంచి బొగ్గు వ్యాగన్లు పోతుంటే నేలంతా కదిలి స్పెక్ట్రమ్ చెత్తచెత్తగా వస్తుంది. గూడ్సు పోయేదాకా చాయ్ తాగుతూ కూర్చోవడం కూడా ఈ పనిలో భాగమే.

రాళ్ళు కింద ఉన్నప్పుడు: 29.5 హెర్ట్జ్. రాళ్ళు పైన పెట్టాక: 23.9.

తర్వాత మోటారు నడిపించి చూస్తే శిఖరం 24.1 దగ్గర. 4 పోళ్ళ ఇండక్షన్ మోటారు 50 హెర్ట్జ్ కరెంటు మీద 1500 ఆర్‌పీఎంకు కొద్దిగా వెనకబడి తిరుగుతుంది. 24.1ని 60తో గుణిస్తే 1446. టాకోమీటర్ అక్కర్లేకుండానే మోటారు వేగం తెలిసింది. అందరూ మోటార్లు వేసే సాయంత్రం పూట వోల్టేజీ పడిపోతే ఆ వెనకబాటు పెరిగి 23.8కి దిగింది. అంటే దూలం 23.9, మోటారు 23.8 నుంచి 24.1. అనునాదానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఎవరూ పెట్టలేరు.

బల్ల మీద వేసిన గీతనే ఇక్కడ రెండు బిందువులతో వేశాను. 43 కిలోల తేడాకు 29.5 నుంచి 23.9కి పడిందంటే, దూలం బిగుతు మీటరుకు సుమారు 28 లక్షల న్యూటన్లు, రాళ్ళు లేకుండా ఊగే బరువు 82 కిలోలు. మోటారు, ఫ్యాన్ డబ్బా, ఫ్రేమ్, ఛానళ్ళ బరువులో దాదాపు సగం కలిపి వేసుకున్న లెక్క 81 కిలోలు. ఒక్క బోల్టు విప్పకుండా దూలాన్ని తూకం వేసినట్టయింది. ఈ తృప్తి కోసమే ఇలాంటి పనులు నెత్తికెత్తుకుంటాను, డబ్బు ఎలాగూ రాదు.

బిగుతు విషయం ఇంకొకటి. ఛానళ్ళ కొసలు గోడలో స్వేచ్ఛగా ఆనాయనుకుంటే రాళ్ళు లేనప్పటి ఫ్రీక్వెన్సీ 28.4 రావాలి. పూర్తిగా బిగుసుకుపోయాయనుకుంటే దాదాపు రెట్టింపు. వచ్చింది 29.5. ఇటుక గోడలో, సిమెంటు పూసి ఉన్నా, ఆ కొసలు పేరుకే బిగింపు.

ఇక అదురు ఎంత? రాళ్ళు పైన ఉండి మోటారు నడుస్తుంటే దూలం మధ్యలో యాక్సిలరేషన్ సగటు 2.5 మీ/సె². 24.1 హెర్ట్జ్ దగ్గర దీన్ని 151తో (24.1 × 6.28) భాగిస్తే వేగం వస్తుంది: సెకనుకు 16.5 మి.మీ. చిన్న మోటార్లకు ఐఎస్‌ఓ 10816 ప్రమాణంలో 4.5 దాటితే ప్రమాదపు గీత దాటినట్టు. రాళ్ళు దించితే అదే 2 మి.మీ. 43 కిలోలు దించితే అదురు ఎనిమిదో వంతుకు పడింది. అన్న మొహం చూడాల్సింది.

అదే రోజు, ఫ్యాన్ విప్పాక

అనునాదం ఉన్న ఊపును పెంచుతుంది, అంతే. ఊపేది వేరే ఉండాలి. డబ్బా మూత తీస్తే కనిపించింది: రెక్కల మీద కారం దుమ్ము నూనెతో కలిసి గట్టి పొరగా పట్టింది, అదీ ఒక వైపు ఎక్కువ. ఇరుసుకు 15 సెం.మీ. దూరంలో 5 గ్రాముల తేడా ఉన్నా ఈ వేగంలో 17 న్యూటన్ల బలం తిరుగుతూ ఉంటుంది. మామూలుగా చూస్తే అది పిల్లాడు తోసినంత కూడా కాదు. కానీ ఈ దూలం డ్యాంపింగ్ 1.8 శాతం. అనునాదంలో ఆ బలం పని 25 రెట్లకు పైగా పెరుగుతుంది.

గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచాక రాళ్ళు పైన ఉన్నా 5.6 మి.మీ.కు దిగింది. బేరింగులు మార్చినప్పుడు ఎవరూ ఈ మూత తీయలేదు. పైసా ఖర్చు లేని మందు ఎప్పుడూ ముందు వాడాలని నా పట్టుదల.

కానీ మిర్చి సీజన్లో ఆ పొర మళ్ళీ పడుతుంది. రాళ్ళు ఇంకోచోట పెట్టమంటే అన్న ఆ గది మొత్తం చూపించాడు: బస్తాలు, డబ్బాలు, వరసలో నిలబడ్డ మనుషులు. చోటు లేదు. నిజానికి ఇంకో 43 కిలోలు పైన పెడితే ఫ్రీక్వెన్సీ 20.6కి దిగి అదురు తగ్గుతుంది. అన్నకు అది చెప్తే నవ్వాడు, నేనూ ఆ గోడను చూసి పట్టుబట్టలేదు.

ఉగాదికి ముందు

అబ్జార్బర్ కట్టాలని తేల్చుకున్నాం: దూలానికి తగిలించి, దాని ఊపును తన మీదికి తీసుకునే బరువు. ఆలోచన పాతదే. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ 1909లోనే దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1928లో ఆర్మన్‌డ్రాయిడ్, డెన్ హార్టాగ్ దీని గణితాన్ని తేల్చారు. హైటెన్షన్ లైన్ల కింద నిలబడి పైకి చూస్తే, టవర్ల దగ్గర తీగకు డంబెల్ లాంటివి వేలాడుతుంటాయి. అవి స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపర్లు. గాలికి తీగ సన్నగా వణకడాన్ని అవి మింగుతాయి. మనది దానికి దగ్గరి చుట్టం: మధ్యలో దూలానికి బిగింపు, రెండు వైపులా పట్టీ, కొసల్లో బరువులు.

ఇక్కడే అసలు నిర్ణయం. అబ్జార్బర్‌ను దేనికి శ్రుతి చేయాలి, దూలానికా మోటారుకా? భవనాలకు, వంతెనలకు పెట్టేటప్పుడు గాలీ మనుషులూ ఏ ఫ్రీక్వెన్సీలో ఊపుతారో తెలియదు, కాబట్టి వాటి సహజ ఫ్రీక్వెన్సీకి దగ్గరగా, కొంచెం తక్కువకు శ్రుతి చేసి, లెక్క ప్రకారం డ్యాంపింగ్ కలుపుతారు. మన దూలం ఫ్రీక్వెన్సీ రాళ్ళను బట్టి మారిపోతుంది. దానికి శ్రుతి చేస్తే రాళ్ళు గాట్లకు పోయిన రోజున అది పనికిరాదు. మారనిది మోటారు వేగం. అబ్జార్బర్‌ను 24.1కి శ్రుతి చేస్తే, దూలం మీద ఎంత బరువున్నా ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర మోటారు ఊపును అబ్జార్బర్ తిరుగుబలం కొట్టేస్తుంది. అందుకే రబ్బరు, నూనె లాంటి డ్యాంపింగ్ ఏదీ కలపలేదు. కలిపితే 24.1 దగ్గర అదురు అంతగా తగ్గదు.

లెక్కలు: ఊగే బరువు రాళ్ళతో కలిపి 125 కిలోలు, అందులో 5 శాతం అంటే 6.2 కిలోలు, ఒక్కో వైపు చేతికి 3.1. వరంగల్‌లో ఇనుము దుకాణం నుంచి 50 × 8 మి.మీ. ఫ్లాట్ తెచ్చాను. ఆ బరువుకు 24.1 రావాలంటే బిగింపు నుంచి బరువు మధ్య వరకు 26 సెం.మీ. ఉండాలి. పొడవు 1 మి.మీ. మారితే ఫ్రీక్వెన్సీ 0.14 హెర్ట్జ్ మారుతుంది, కాబట్టి బరువులకు గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడవాటి గాడి కోయించాను, జరుపుకోవడానికి వీలుగా.

రోజుకు 8 గంటలు నడిస్తే ఈ పట్టీలు సుమారు 7 లక్షల సార్లు వంగుతాయి. ఫ్యాన్ మురికిగా ఉన్నప్పుడు కూడా కొసన కదలిక 0.12 మి.మీ., బిగింపు దగ్గర ఒత్తిడి 4 మెగాపాస్కల్ చుట్టూ. మైల్డ్ స్టీల్‌కు అది లెక్కే కాదు. భయం పట్టీతో కాదు, నట్లతో. అన్నిటికీ అదురుకు వదులు కాని నైలాక్ నట్లు వేశాను. కింద మనుషులు నిలబడతారు కాబట్టి రెండు బరువులకూ స్టీలు తాడు కట్టి దూలం మీదుగా తిప్పాను. పని చేయకపోయినా ఫర్వాలేదు గానీ, ఊడి పడకూడదు.

ఛానల్ కింది అంచుకు మధ్యలో రంధ్రం కొట్టలేదు, వెల్డింగ్ చేయలేదు. లోడు మోసే దూలానికి ఎక్కువ లాగుడు పడేది అక్కడే. జె ఆకారపు క్లాంపులతో 10 మి.మీ. పలకను బిగించి, దానికి అబ్జార్బర్ తగిలించాను.

ఉగాది దాటాక

షెడ్డు బైసులో 24.1 చూపించినా, ఇక్కడి పలక బైసు కంటే కొంచెం మెత్తన. మోటారు నడిపించి, ఆపి, బరువులను కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ, ఫోనులో అంకె అన్నిటికంటే తక్కువ వచ్చిన చోట ఆపాను. 2 మి.మీ. జరపాల్సి వచ్చింది. రెండు వైపులా సమానంగా జరపాలి, లేకపోతే రెండు చేతులూ రెండు వేర్వేరు శ్రుతుల్లో పాడతాయి.

రాళ్ళు పైనే ఉన్నాయి, ఫ్యాన్ తుడిచి ఉంది. 5.6 ఉన్నది 1 మి.మీ. లోపలికి వచ్చింది. మిగిలినది కింద మిల్లు నుంచి వచ్చే కదలికే, బ్లోయర్ ఆపినా ఉంటుంది. దూలం మీద అరచెయ్యి పెడితే ఏమీ తెలియదు. అబ్జార్బర్ బరువు మీద వేలు పెడితే జుమ్మంటుంది. అన్న రెండు చోట్లా మార్చి మార్చి చెయ్యి పెట్టి చూశాడు. "అండ్లకెల్లి తీసి ఇండ్ల పెట్టినవ్ గదా" అన్నాడు. అంతే.

మోటారు ఆపి సుత్తితో తట్టితే 23.9 దగ్గరి శిఖరం లేదు. దాని చోట రెండు: 21.3, 26.9. లెక్కలో 21.4, 26.8. అబ్జార్బర్ పెడితే పాత శిఖరం మాయం కాదు, రెండుగా చీలి పక్కలకు జరుగుతుంది. బరువు 5 శాతం కంటే తక్కువ పెట్టి ఉంటే ఆ రెండూ ఇంకా దగ్గరగా ఉండి, సాయంత్రం వోల్టేజీ పడినప్పుడు మోటారు వాటిలో ఒకదాని వైపు జరిగేది. 23.8 దగ్గర కూడా రీడింగు పెరగలేదు. నాకు దాని మీదే కొంచెం టెన్షన్ ఉండింది.

రాళ్ళు గాట్లకు పోయిన రోజు మళ్ళీ వెళ్ళి చూశాను. శిఖరాలు 22.7, 31.3కి జరిగాయి, నడుస్తున్నప్పటి అదురు 1 మి.మీ. లోపే. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ మాత్రం కింది శిఖరాన్ని దాటేటప్పుడు ఒక్క క్షణం గుర్రుమంటుంది. అది పోదు, దాటిపోతే చాలు.

ఏప్రిల్

నట్లు చూశాను, కదల్లేదు. ఫ్యాన్ రెక్కల మీద పొర మళ్ళీ మొదలైంది. తుడవమని వదినకే చెప్పాను, ఆమె అయితే మర్చిపోదు.

ఇప్పుడు అన్నకు కొత్త ఆలోచన. గోధుమలు పట్టేటప్పుడు అంత గాలి అక్కర్లేదు, వీఎఫ్‌డీ (మోటారుకిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చే డ్రైవ్) పెట్టి బ్లోయర్ వేగం తగ్గిస్తే కరెంటు మిగులుతుందని ఎవరో చెప్పారట. చెప్పినది నిజమే. కానీ ఈ అబ్జార్బర్ ఒకే వేగానికి చేసినది. డ్రైవ్‌ను 47 హెర్ట్జ్ దగ్గర పెడితే రాళ్ళు లేని రోజు మోటారు పోయి 22.7 మీద కూర్చుంటుంది. 44 దగ్గర పెడితే రాళ్ళున్న రోజు 21.3 మీద. లేని జబ్బును మనమే తెచ్చుకున్నట్టు. చాలా డ్రైవ్‌లలో కొన్ని ఫ్రీక్వెన్సీలను ఆగకుండా దాటించే స్కిప్ సెట్టింగు ఉంటుంది. 43 నుంచి 48.5 వరకు దాటించి, గోధుమలకు 40 దగ్గర నడపమని రాసిచ్చాను. 40 దగ్గర మోటారు 19 హెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంది, రెండు రకాలుగానూ శిఖరాలకు కిందే. డ్రైవ్ వచ్చాక ఫోన్ అంటించి, రాళ్ళతో ఒకసారి, రాళ్ళు లేకుండా ఒకసారి, 35 నుంచి 50 వరకు మెల్లగా పెంచుతూ కొలవాలి.